నూట పద్దెనిమిది మెట్లు

క్రేన్ కేబిన్‌కి నూట పద్దెనిమిది ఇనప మెట్లు.
ఇరవై రెండేళ్ళుగా ఎక్కుతున్నాను,
లెక్కపెట్టింది మాత్రం ఈ మధ్యనే,
అరవయ్యో మెట్టు దగ్గర
నా పొట్ట నాకంటే ముందు వెళ్ళి
నిచ్చెనకి ఆనుకుని నిలబడిపోయిన రోజున.
కింద నుంచి గురుమూర్తి అరిచాడు:
"ఏటి మేస్త్రీ, గాలి కోసమా, సముద్రం కోసమా?"
సముద్రం కోసమేనన్నాను.
అబద్ధం కాకూడదని
డాల్ఫిన్స్ నోస్ వైపు తిరిగి కాసేపు చూశాను కూడా.

పోర్టు ఆస్పత్రి డాక్టరమ్మ
నా రక్తం కాగితం చూసి, నన్ను చూడకుండానే అంది:
అన్నం సగం చెయ్యండి, ప్రొటీను రెట్టింపు చెయ్యండి.
మా లిఖిత పేరుకి తగ్గట్టే
స్కెచ్ పెన్నుతో రాసి ఫ్రిజ్‌కి అంటించింది:
పొద్దున్న ఒక గుడ్డు, డబ్బాలో ఒక గుడ్డు,
మొలకెత్తిన పెసలు, ఉడకేసిన వేరుశనగ,
రాత్రికి చేప, లేదంటే ఉలవలు.
పక్కన గ్రాములు, కింద రెండు గీతలు కొట్టి మొత్తం.
పైన నా ఒక్కడి పేరు.

గాజువాకలో జిమ్ము కుర్రాడు
బకెట్టంత డబ్బా చూపించాడు, చాక్లెట్ వాసన పిండి.
ధర విని మూత నేనే పెట్టేసి వచ్చాను.
ఫిషింగ్ హార్బర్లో కాసులమ్మకి ఆ ముచ్చట చెబితే
గంప మీద నీళ్ళు జల్లుతూ నవ్వింది.
"డబ్బాలో బలమేటి బాబూ, బలం ఈదుకుంటా వస్తాది.
సందువా నీకెందుకు, నెత్తళ్ళు అట్టుకెళ్ళు.
ముల్లుతో పాటు నమిలీ."
కొసరు ఇంకో గుప్పెడు వేసింది.
ఆ కొసరు ఏ గడిలో రాయాలో లిఖితకీ తెలీలేదు.

మా తాత ఉలవలు ఉడికించి ఎడ్లకి పెట్టేవాడు.
ఆ కట్టుతో నాయనమ్మ మాకు చారు కాసేది.
గింజ వాటికి, నీళ్ళు మాకు.
ఇప్పుడు నేను ఎడ్ల వాటా తింటున్నాను.
తాత ఉండుంటే
నా వీపు మీద మూపురం కోసం తడిమేవాడు.

పూర్ణా మార్కెట్లో చిన్న త్రాసు కొన్నాను.
రోజూ ముప్పై టన్నుల పెట్టెల్ని
ఓడ మీంచి గుడ్డుని దించినట్టు దించేవాణ్ణి,
అరవై గ్రాముల గుడ్డు దగ్గర చెయ్యి వణికింది.
నెల తిరిగేసరికి బెల్టుకి
లోపలివైపు కొత్త కన్నం, మేకు కాల్చి నేనే పొడిచాను.

ఒక ఆదివారం
మా ఇద్దరి భోజనాలయ్యాక వరహాలు కంచం పెట్టుకుంది.
సరదాకి లాక్కుని త్రాసు మీద పెట్టాను.
అన్నం. అన్నం మీద పులుసు.
నెత్తళ్ళ పులుసులో నెత్తళ్ళు లేవు.
"ఎన్ని గ్రాములు నాన్నా?" అంది లిఖిత, పెన్ను మూత తీసి.
నేను అంకె చూస్తూ కూర్చున్నాను.
ఆ అంకె ఆవిడకి సంబంధించింది కాదు.
"నాకు పులుసే ఇష్టం," అంది వరహాలు.
పెళ్ళైన దగ్గర్నుంచీ అంటున్న మాటే,
నేను నమ్ముతూ వచ్చిన మాటే.
లిఖిత లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది.
నా పేరు పక్కన చోటు లేకపోతే
పైన రాసింది.

ఇప్పుడు పొద్దున్నే గిన్నెలో ఆరు గుడ్లు
ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉడుకుతాయి.
ఆవిడ తినేదాకా నేను ఎదురుగా కూర్చుంటాను,
డ్యూటీకి ఆలస్యమైనా.
"పోలీసోడిలా ఏటా చూపు," అంటుంది, తింటుంది.

నిన్న ఆగకుండా ఎక్కేశాను, నూట పద్దెనిమిదీ.
గురుమూర్తి చూడనే లేదు, ఫోన్లో ఉన్నాడు.
పైన, గాలికి కేబిన్ కొంచెం ఊగుతుండగా,
డబ్బా విప్పాను.
శనగల మీద నా గుడ్డు.
దాని పక్కన ఇంకో సగం.
కత్తి గీత కాదు. దారంతో కోసింది,
సొన ఎక్కడా చెదరలేదు.
దాచి ఇంటికి పట్టుకెళ్ళాలనుకున్నాను,
ఈ ఎండకి పాడైపోతుంది.
తిన్నాను.
రెండో సగం ఆవిడ తిందో, ఎవరికి పెట్టిందో
దిగాక అడగాలి.
దిగడానికి కూడా నూట పద్దెనిమిదే.